నీటి గీతతో నడిచే ఇల్లు

విజయపురి సౌత్ దగ్గర నాగార్జునసాగర్ ఒడ్డున గుడిసె వేసుకునే వేట కుటుంబం ముందుగా నేల చూడదు, నీటి గీత చూస్తుంది. పోయినేడు నీళ్ళు ఎంతవరకు ఎక్కి దిగాయో బండల మీది తెల్లటి చార చెబుతుంది. ఆ చారకు పైన వేసుకుంటే ఇల్లు మునగదు. కానీ ఎండలు ముదిరేసరికి పుట్టి అనే బుట్టపడవ దగ్గరికి పోవాలంటే వల తలకెత్తుకుని అర కిలోమీటరు నడవాలి. చారకు కింద వేసుకుంటే గుమ్మం ముందే నీళ్ళు. ఎగువన శ్రీశైలం డ్యామ్ గేట్లు ఎత్తారంటే ఆ నీళ్ళే గుమ్మం లోపలికి వస్తాయి.

లెక్క చిన్నదే. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు. కాలువలకు వదిలింది వదలగా, ఎండకు ఆవిరైంది ఆవిరి కాగా, వేసవి చివరికి అది 510 అడుగుల దరిదాపుల్లోకి దిగిన ఏళ్ళున్నాయి. అంటే 80 అడుగుల తేడా. ఒడ్డు ప్రతి ఇరవై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలి ఉందనుకుంటే, 80 అడుగులు దిగిన నీరు 1,600 అడుగులు వెనక్కి జరుగుతుంది. దాదాపు అర కిలోమీటరు. చేప నీటితో పోతుంది, పుట్టి చేపతో పోతుంది, పొయ్యి పుట్టితో పోతుంది. నాలుగు కర్రలు, ఒక టార్పాలిన్, గిన్నెలు, బిందె, వలల మూట. పొద్దున విప్పితే సాయంత్రానికి ఇంకోచోట నిలబడాలి, అదీ ఆ ఇంటి ఇంజినీరింగు.

భూగోళానికి అవతల, అలాస్కాలో బ్రిస్టల్ బే అనే అఖాతం ఉంది. సాకై అనే ఎర్ర సాల్మన్‌కు ప్రపంచంలో అంత పెద్ద నెలవు ఇంకోటి లేదు. అక్కడా కుటుంబాలే వేటాడతాయి. జూన్ వచ్చేసరికి ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో పిల్లాపాపలతో వచ్చి, అదే ఒడ్డున అదే చెక్క గది తలుపు తీస్తారు. తాత వల కట్టిన చోటే మనవరాలు కడుతుంది. ఆరేడు వారాలు నిద్ర ఉండదు. ఆ తర్వాత తలుపు వేసి, ఎవరి బడి పాఠాలకు వాళ్ళు, ఎవరి వడ్రంగం పనికి వాళ్ళు వెళ్ళిపోతారు. వాళ్ళ ఇల్లు కదలదు. కదలాల్సిన అవసరం లేదు, చేపే వెతుక్కుంటూ వస్తుంది.

రెండూ వేటబతుకులే. ఒకరి ఇల్లు ఒడ్డుకు పాతుకుపోయింది, ఇంకొకరి ఇల్లు ఒడ్డు వెంట తిరుగుతోంది. ఎందుకని అడిగితే జవాబు మనుషుల్లో దొరకదు. చేప గుడ్డులో దొరుకుతుంది.

సాల్మన్ పుట్టేది మంచినీటి వాగులో, పెరిగేది సముద్రంలో. తల్లిచేప వాగు అడుగున గులకరాళ్ళను తోకతో తవ్వి, మూడు నాలుగు వేల గుడ్లు పెట్టి, మళ్ళీ రాళ్ళతో కప్పుతుంది. గుడ్డు బఠాణీ గింజంత ఉంటుంది. చల్లటి నీటిలో నెలల తరబడి ఆ రాళ్ళ కిందే ఉండి పిల్ల అవుతుంది. సాకై పిల్ల ఏడాదో రెండేళ్ళో సరస్సులో గడిపి సముద్రానికి దిగుతుంది. దాని ఒంట్లో చేరే కండలో నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా సముద్రపు తిండే. రెండు మూడేళ్ళ తర్వాత అది వేల కిలోమీటర్లు ఈదుకుంటూ వచ్చి తాను పుట్టిన వాగునే పట్టుకుంటుంది.

ఎలా పట్టుకుంటుందన్నది చాలాకాలం వింతగానే ఉండిపోయింది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆర్థర్ హాస్లర్ ఒకసారి తన సొంత రాష్ట్రం యూటాలో కొండ ఎక్కుతున్నాడు. బండ చాటున ఉన్న జలపాతం ఇంకా కనపడలేదు గానీ, అక్కడి నాచు, పూల వాసన గాలికి తగిలింది. తగలగానే మరిచిపోయిన చిన్ననాటి స్నేహితుల పేర్లు వరసగా గుర్తుకొచ్చాయట. మనకు తొలకరి మట్టి వాసనకు తాతగారి ఊరు గుర్తొచ్చినట్టే. చేప కూడా ఇలాగే వాసన పట్టుకుని ఇంటికొస్తుందేమో అనుకున్నాడు. 1951లో సహచరుడు విస్బీతో కలిసి ఆ ఊహను ప్రకటించాడు. 1970లలో ఆయన బృందం కోహో సాల్మన్ పిల్లలను మార్ఫొలిన్ అనే రసాయనం కలిపిన నీటిలో పెంచి మిషిగన్ సరస్సులోకి వదిలింది. తర్వాత ఒక వాగులో అదే రసాయనం చుక్కలుగా కలిపితే, పెద్దవైన చేపలు ఆ వాగులోకే వచ్చాయి. సముద్రం మధ్యలో దిక్కు చూపేది భూమి అయస్కాంత క్షేత్రమనీ, నది ముఖద్వారం దగ్గరికి వచ్చాక పని ముక్కు అందుకుంటుందనీ ఇప్పుడు శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు.

వాగు చేరిన పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. మరో ఏడు లేదు, మరో కాన్పు లేదు. సియాటిల్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాలు అక్టోబరులో పిల్లలను తీసుకుని ఇసాక్వా చేపల కేంద్రానికి వెళ్ళి చూసేది ఈ చివరి ప్రయాణాన్నే. పిల్లలు చప్పట్లు కొడతారు. చేప మాత్రం అప్పటికే తిండి మానేసి, సొంత కండను కరిగించుకుంటూ ఈదుతుంటుంది.

ఇప్పుడు సాగర్ చేప కడుపులోకి చూద్దాం. ఇక్కడ వలకు బరువు తెచ్చేవి బొచ్చె, శీలావతి అని పిలుచుకునే రోహు, ఎర్రమోసు. ఇవి సముద్రం మొహం చూడవు. అయితే వీటికీ ఒక ప్రయాణం ఉంది. నైరుతి వానలకు నదిలో కొత్తనీరు వస్తుంది. నీరు చల్లబడి, మట్టిరంగు తిరిగి, వడి పెరగగానే తల్లిచేపలు ఎదురెక్కుతాయి. పల్నాటి పల్లెల్లో దీన్ని ఎవరూ పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. నాగులేరుకు, చంద్రవంకకు తొలి వరద వచ్చిన రాత్రి లాంతరు, బుట్ట పట్టుకుని ఎదురెక్కే చేపల కోసం వెళ్ళినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. చంద్రవంకలో ఆ సంబరం ఎత్తిపోతల దగ్గర ఆగిపోతుంది. 70 అడుగుల జలపాతం ఎక్కే చేప ఇక్కడే కాదు, అలాస్కాలోనూ లేదు.

బొచ్చె గుడ్డు సాల్మన్ గుడ్డు లాంటిది కాదు. తల్లి బరువు కిలోకు లక్షకు పైగా గుడ్లుంటాయి, ఒక్కొక్కటి ఆవగింజంత. నీటిలో పడగానే ఉబ్బి, ప్రవాహంతో దొర్లుకుంటూ పోతుంది. మన వానాకాలపు వెచ్చదనంలో ఒక పగలూ ఒక రాత్రీ తిరగకుండానే పిల్ల బయటకొస్తుంది. అన్ని గంటలూ దానికి కావలసింది ఒక్కటే, కదిలే నీరు. నిలవ నీటిలో పడితే అడుక్కి జారి ఒండ్రులో ఊపిరాడక చస్తుంది. నదిని జలాశయంగా మార్చడమంటే చేపకు ఇల్లు విశాలం చేసి పురిటిగది తీసేయడం. నాకు ఈ విషయం అర్థమైన రోజు నుంచి డ్యామ్‌ను చూసినప్పుడల్లా కాంక్రీటూ రాయీ కాదు, ఆ ఆవగింజలే కళ్ళ ముందు మెదులుతాయి.

చేప తనంతట తాను సరిపడా పుట్టని చోట మనిషి పుట్టించి వదలాలి. అది నేర్పిన తేదీ మన దేశంలో పండగ రోజు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి బృందం ఒక చేప పీయూష గ్రంథి రసాన్ని ఇంకో చేపకు ఎక్కించి, చెరువు నీటిలోనే గుడ్లు పెట్టించింది. జులై 10ని ఇప్పుడు జాతీయ మత్స్య రైతు దినోత్సవంగా జరుపుతున్నారు. తర్వాత గుండ్రటి సిమెంటు తొట్టెలు వచ్చాయి. వాటిలో నీరు ఆగకుండా చక్రంలా తిరుగుతుంది. ఆవగింజ గుడ్డును నది తనను తీసుకుపోతోందని నమ్మించడమే ఆ తొట్టె పని. జలాశయాల్లో వదిలే పిల్లలు అక్కడి నుంచే వస్తాయి. వేలెడంత పెరగకముందే వదిలితే వాలుగలకు పలహారం. నాలుగు అంగుళాలు ఎదిగాక వదిలితే బతికి బట్టకట్టే అవకాశం.

ఇక చట్టం సంగతి. మన జలాశయాల్లో జులై, ఆగస్టు నెలలు వేట నిషేధం. బ్రిస్టల్ బేలో సరిగ్గా జులై మొదటి వారంలో వేట ముమ్మరంగా ఉంటుంది. చేప గుడ్లకు బయల్దేరే వేళ ఒక చోట వల పైకి కట్టేస్తారు, ఇంకో చోట అప్పుడే వల వేస్తారు. ఒకరు తెలివైనవాళ్ళు, ఒకరు దుర్మార్గులు అనుకోనక్కర్లేదు. బొచ్చె గుడ్లు పెట్టాక బతుకుతుంది, వచ్చే ఏడు మళ్ళీ పెడుతుంది. ఏటేటా ఒళ్ళు పెరుగుతుంది కనక గుడ్లూ పెరుగుతాయి. దాన్ని పురిటివేళ పట్టడమంటే ముందున్న కాన్పులన్నీ పట్టేసుకోవడం. సాకై ఎలాగూ చస్తుంది, పైగా ఒడ్డుకు దగ్గరగా వచ్చేది ఆ ఒక్కసారే. అందుకని అక్కడ లెక్క నెలల్లో ఉండదు, తలల్లో ఉంటుంది. నది ఒడ్డున మంచెలు కట్టి, పైకి ఈదిపోతున్న చేపలను మనుషులు కళ్ళతో లెక్కపెడతారు. గుడ్లకు చాలినన్ని దాటాయని తేలితే వేటకు గంటలు తెరుస్తారు, దాటకపోతే మూసేస్తారు. ఆ కబురు రేడియోలో వస్తుంది. 2022లో దాదాపు 7.9 కోట్ల సాకై తిరిగి వస్తే, 6 కోట్ల దాకా పట్టి మిగతావి వదిలారు.

ఆ సంఖ్య పక్కన సాగర్‌ను నిలబెట్టడం అన్యాయమే గానీ, చూడాల్సిందే. మన దేశపు పెద్ద జలాశయాల్లో చేప దిగుబడి సగటున హెక్టారుకు ఏడాదికి 11 కిలోల పైచిలుకని 1995లో మత్స్య శాస్త్రవేత్త వి.వి. సుగుణన్ లెక్క తేల్చాడు. సాగర్ నీటి విస్తీర్ణం 285 చదరపు కిలోమీటర్లు, అంటే 28,500 హెక్టార్లు. ఆ సగటుతో గుణిస్తే ఏడాదికి 325 టన్నులు వస్తాయి. ఇది సాగర్‌లో తూచిన లెక్క కాదు, సగటుతో కట్టిన అంచనా మాత్రమే. కైకలూరు వైపు ఒక మంచి రైతు హెక్టారు చెరువులో టన్నులు తీస్తాడు, ఎందుకంటే తవుడూ చెక్కా సంచులకొద్దీ పోస్తాడు. సాగర్‌కు తవుడు పోసేవాళ్ళు లేరు. జలాశయం కొత్తగా నిండినప్పుడు మునిగిన చెట్లూ గడ్డీ కుళ్ళి నీటికి ఎరువవుతాయి, మొదటి కొన్నేళ్ళు చేప విరగ కాస్తుంది. ఆ తర్వాత నేల సారం తగ్గిన పొలంలా దిగుబడి పడిపోతుంది. మాచర్ల బజారులో మాత్రం సాగర్ బొచ్చె కైకలూరు లారీ దింపిన బొచ్చె పక్కనే కూర్చుని దాని ధరతో పోటీ పడాలి. రుచి తెలిసినవాళ్ళు నాలుగు రూపాయలు ఎక్కువిస్తారు. అందరూ ఇవ్వరు.

ఈ నీటి మీదికి మనుషులు ఎక్కడి నుంచి వచ్చారు? 1955 డిసెంబరు 10న సాగర్ డ్యామ్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది. ఈ రెండు తేదీల మధ్య దాదాపు పన్నెండేళ్ళలో రాయి మోయడానికి రాష్ట్రం నలుమూలల నుంచీ జనం వచ్చారు. నీళ్ళు నిలిచాక ఆ నీళ్ళను చూసి వచ్చినవాళ్ళు వేరు. విశాఖ తీరపు జాలరులు సముద్రాన్ని వదిలి కృష్ణ ఒడ్డున దిగారు. పల్నాడుకు ఎదురుగా, తెలంగాణ వైపు నేరేడుగొమ్ము మండలంలో ఉన్న ఊరిని ఇప్పటికీ వైజాగ్ కాలనీ అనే అంటారు. సెలవు రోజున హైదరాబాదు కార్లు అక్కడికి వేపుడు చేపల కోసం వస్తాయి. సముద్రపు పిల్లలు నది వెనకజలాల్లో మూడో తరాన్ని పెంచుతున్నారు, యాస మాత్రం ఇంకా ఉత్తరాంధ్ర వాసన కొడుతుంది. చేపలు పట్టడానికి పోయాడని ఎవరూ అనరు. 'ఏటకెళ్ళాడు' అంటారు. కూరగాయలు కోసినట్టు చేపలు కోసుకురాలేమని ఆ మాటకు తెలుసు.

సముద్రపు నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, జలాశయపు నిషేధం జులై, ఆగస్టు. ఈ రెండింటినీ ఒకే క్యాలెండరు మీద గీసి చూడండి. తీరంలో వల ఎండే రెండు నెలల్లోనే సాగర్‌లో నీరు కుంచించుకుపోయి చేప చిక్కపడుతుంది. సాగర్‌లో వల ఎండే నెలల్లో సముద్రం తెరుచుకుని ఉంటుంది. రెండు చోట్లా అన్నదమ్ములున్న కుటుంబానికి ఏడాదిలో పొయ్యి ఆరాల్సిన నెల ఉండకూడదు, కాగితం మీద. రైలు ఛార్జీ, పిల్లల బడి, ముసలి తల్లి మోకాళ్ళు కాగితం మీదికి రావు కదా.

పుట్టి దగ్గరగా చూడదగ్గది. వెదురు బద్దలు అల్లిన గుండ్రటి బుట్ట, పైన పూర్వం తోలు, ఇప్పుడు తారు పూసిన పాలిథిన్ పట్టా. ముందూ వెనకా లేని పడవ అది. ముందు లేదు కనక తెడ్డు పక్కన వేస్తే గిర్రున తిరుగుతుంది. అందుకే ముందుకు వంగి నీటిని తనవైపు లాక్కుంటూ నడపాలి. జానెడు లోతు నీటిలోనూ పోతుంది, ఒడ్డు చేరాక ఒక్కడే వీపున వేసుకుని నడవొచ్చు. ఇల్లే కదిలే బతుక్కి ఇంతకన్నా తగిన వాహనం లేదు. చాలా పుట్టుల్లో ఆయన వల వదులుతుంటే ఆవిడ తెడ్డు వేస్తుంది. వల చిక్కుపడకుండా పుట్టిని సరైన వేగంతో వెనక్కి నడపడం వల వేయడం కన్నా కష్టమని చూసినవాళ్ళకు తెలుస్తుంది. లెక్కల్లో మాత్రం మత్స్యకారుడు అని ఒక్క పేరే రాస్తారు.

వల పై తాడుకు బెండ్లు, కింది తాడుకు గుండ్లు. బెండ్లు ఎక్కువైతే వల నీటి పైభాగాన వేలాడుతుంది, గుండ్లు ఎక్కువైతే అడుగున నిలబడుతుంది. బొచ్చె పైనీటిలో మేస్తుంది, దాని నోరు పైకి తిరిగి ఉండడం చూస్తే తెలుస్తుంది. ఎర్రమోసు నోరు కిందికి, మేత అడుగున. శీలావతి మధ్యలో. కాబట్టి ఏ రాత్రి ఏ చేప కావాలో ఒడ్డునే, బెండ్ల లెక్కలోనే తేలిపోతుంది. వల కన్ను సంగతి ఇంకా ముఖ్యం. తల దూరి, మొప్పల దగ్గర బిగిసి, వెనక్కి రాలేకపోవాలి. కన్ను కన్నా చిన్న చేప దాటిపోతుంది, మరీ పెద్దదానికి తల దూరదు. పెద్ద కన్ను వల అంటే చిన్న చేపకు ఇచ్చిన సంవత్సరం గడువు. అలివి వల అంటే ఆ గడువు రద్దు. దోమతెర లాంటి సన్న కన్నుతో ఒడ్డు పొడవునా లాగే ఆ వలలో వేలెడు పిల్లలు కూడా వస్తాయి. నిషేధించారు, పట్టుకుంటారు, తగలబెడతారు, మళ్ళీ వస్తాయి. దాన్ని లాగే కూలీని పట్టుకున్నంత తేలికగా పెట్టుబడి పెట్టినవాణ్ణి పట్టుకోలేరని వేరే చెప్పక్కర్లేదు.

వెన్నెల బాగా కాసే రాత్రులు నైలాను దారం మెరిసి చేపకు కనపడుతుంది, పడేది తక్కువ. అవి వలలు కుట్టుకునే రోజులు. కొన్నిచోట్ల వల అడుగున ఏదో పట్టుకుని చిరుగుతుంది. మునిగిన చెట్టు కావచ్చు. కృష్ణ కింద ఉన్నది ఒట్టి లోయ కాదు. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి అక్కడే ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినదాంట్లో ముఖ్యమైనవాటిని నాగార్జునకొండ మీదికీ అనుపుకీ తరలించారు. తరలించలేనిదంతా నీటి కింద మిగిలింది. రాజధాని మీద వల వేసే భాగ్యం ప్రపంచంలో ఎంతమంది జాలరులకు ఉంటుంది!

తెల్లవారకముందే వల ఎత్తుతారు. అక్కడి నుంచి పరుగంతా మంచుగడ్డతో. కిలో మంచు కరగడానికి పీల్చే వేడి, అదే నీటిని దాదాపు 80 డిగ్రీలు వేడెక్కించడానికి పట్టే వేడితో సమానం. చల్లటి నీరు పోసి చేపను కాపాడలేం, కరిగే మంచే కాపాడుతుంది. పల్నాటి మే నెల ఎండలో మంచు లేని చేప మధ్యాహ్నానికి ఎండుచేపల తట్టలోకి పోవాల్సిందే. అందుకని మంచు ఎవరి దగ్గరుంటే ధర వాళ్ళు చెబుతారు. వలలకూ పుట్టికీ అడ్వాన్సు ఇచ్చేదీ, థర్మాకోల్ పెట్టెలో మంచు వేసి తూచుకుపోయేదీ ఒకే మనిషైతే బేరం ఉండదు. పుస్తెలమ్మైనా పులస తినాలన్నది తినేవాళ్ళ సామెత. పట్టేవాళ్ళ ఇంట్లో పుస్తెలు నైలాను వల కోసం కుదువకు వెళ్తాయి.

పులస పేరు వచ్చింది గనక ఒక మాట. సాల్మన్‌లా సముద్రం నుంచి నదికి ఎదురెక్కే చేప మనకు అదే. అయితే అది చావదు, గుడ్లు పెట్టి తిరిగి వెళ్ళగలదు. గోదావరి చేప అంటాం గానీ కృష్ణకూ ఈ చేప, అంటే ఇలస, కొత్త కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచే సముద్రపు చేపకు పల్నాడు దారి మూసుకోవడం మొదలైంది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ, పైన 2013లో పులిచింతల, ఆ పైన సాగర్. మాచర్లలో సాల్మన్ అని అడిగితే ఎవరైనా చూపించగలిగితే మాగ చేపను చూపిస్తారు. ఇండియన్ సాల్మన్ అన్నది దానికి తగిలించిన పేరు. దానికీ సాల్మన్‌కూ చుట్టరికం లేదు.

అలాస్కాలో 1973 చట్టంతో వేట పర్మిట్లకు పరిమితి పెట్టారు. ఆ పర్మిట్‌ను అమ్ముకోవచ్చు, బిడ్డకు రాసివ్వొచ్చు. పొలం పట్టా లాంటిది, ఒక్కో ఏడు పొలం కన్నా ఖరీదు. సాగర్ ఒడ్డున తండ్రి కొడుక్కిచ్చేది వల, పుట్టి, ఏ గండిలో ఏ నెల ఏ చేప తిరుగుతుందన్న జ్ఞాపకం. ఆ మూడింటి మీదా బ్యాంకు అప్పివ్వదు. చాలామంది తల్లులు పిల్లలను హాస్టల్లో వేస్తున్నారు. కదిలే ఇంటికి బడి కదిలి రాదు కదా.

జులై, ఆగస్టుల్లో ఆ ఇళ్ళ ఆడవాళ్ళు పత్తి చేలల్లో కలుపుకు పోతారు. మగవాళ్ళు వల కన్నులు కడతారు, పుట్టి బోర్లించి తారు పూస్తారు. సాయంత్రం ఎవరి ఫోన్‌లోనో శ్రీశైలం నీటి మట్టం చూస్తారు. 880 అడుగులు దాటిందంటే ఎల్లుండికో ఆవలెల్లుండికో గేట్లు. టార్పాలిన్ ముడులు విప్పడం మొదలవుతుంది. కర్రలు ముందు, గిన్నెలు తర్వాత, పొయ్యిరాళ్ళు చివర. పాత చారకు పది గజాలు పైన కొత్త గుంజలు పాతేసరికి, నిన్నటి పొయ్యి బూడిదను నీరు తాకుతుంది. ఆ ఎర్రనీటిలో ఎక్కడో పైన, నది ఇంకా నదిగా ఉన్న మలుపులో, బొచ్చెలు ఎదురెక్కుతుంటాయి.